కాటా డబ్బాలో దొరికిన 8085తో సొంత కంప్యూటర్: పని డైరీ

మే నెల

ఆమదాలవలస వైపు ఒక రైసు మిల్లులో లారీ కాటా కొత్తది పెట్టారు. పాత కాటాకి తూకం అంకెలు చూపించే డబ్బా తుక్కులోకి పోతుంటే అడిగి తెచ్చుకున్నాను. మూత విప్పితే లోపల నలభై కాళ్ల ప్రాసెసర్ 8085 ఉంది. పక్కనే కీబోర్డునీ డిస్‌ప్లేనీ చూసుకునే 8279, ఓ మూలన బయటి పరికరాలతో మాట్లాడే పోర్టుల చిప్పు 8255, ప్రోగ్రాంని దాచుకునే, కిటికీ మీద కాగితం అతికించిన ఈప్రామ్ చిప్పు. బోర్డు మీద రాగి గీతలు చాలాచోట్ల పచ్చగా చిలుమెక్కి తెగిపోయాయి. మన శ్రీకాకుళం గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి కాబట్టి ఏళ్ల తరబడి గోడౌన్ పక్కన పనిచేసిన బోర్డులన్నీ ఇలాగే అవుతాయి. ప్రాసెసర్ కాళ్లు మాత్రం కొంచెం గీకగానే తెల్లగా బయటపడ్డాయి. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టాను.

ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే పని నాది. రోజూ చూసే బోర్డుల్లో ప్రాసెసరూ మెమరీ అన్నీ ఒకే చిప్పులో ఉంటాయి. లోపల ఏం జరుగుతుందో చూద్దామంటే మీటరు ముల్లు పెట్టే చోటే ఉండదు. 8085 అలా కాదు. అడ్రసు తీగలు బయటే ఉంటాయి, డేటా తీగలు బయటే ఉంటాయి. చదివేటప్పుడు ఒక పిన్ను కిందికి దిగుతుంది, రాసేటప్పుడు ఇంకోటి దిగుతుంది. రీసెట్ బటన్ వదిలిన క్షణం నుంచి స్క్రీను మీద అక్షరం పడేదాకా మధ్యలో ఉన్న ప్రతి తీగా నేను వేసిందే అయిన కంప్యూటర్ ఒకటి కావాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ డబ్బాతో అది మొదలైంది.

పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్న మా మేనల్లుడు ల్యాబ్‌లో 8085 ట్రైనర్ కిట్ మీద కూడికలు, తీసివేతలు చేస్తున్నాడు. కీప్యాడ్ మీద అంకెలు కొట్టి, జవాబు చూసుకుని, రికార్డులో రాసుకుంటాడు. ఆ కిట్టు మూత కింద ఏముందో ఎవరూ చూపించలేదట. సాయంత్రాలు వచ్చి నాతో కూర్చుంటానన్నాడు.

ఈ ప్రాసెసర్‌ని ఇంటెల్ 1976లో తెచ్చింది. అంతకుముందున్న 8080కి మూడు రకాల సప్లై ఇవ్వాలి: +5, −5, +12 వోల్టులు. క్లాకు పుట్టించడానికి వేరే చిప్పు, సిగ్నళ్లు విడదీయడానికి ఇంకో చిప్పు కావాలి. 8085 ఆ పనులన్నీ లోపలికి తీసుకుని ఒక్క 5 వోల్టులతో సరిపెట్టుకుంది. పేరు చివర 5 పెట్టింది అందుకే. కాటాల్లోకి, ఫ్యాక్టరీ యంత్రాల్లోకి అది అంత సులువుగా దూరడానికి కారణం కూడా అదే. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని సోజర్నర్ బండిని నడిపింది ఈ కుటుంబానికే చెందిన 80సీ85. అది 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచింది. మా మేనల్లుడికి ఇది చెప్తే కాటా డబ్బాలోంచి తీసిన చిప్పుని కాసేపు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

జూన్

సామాన్ల కోసం విశాఖ వెళ్లొచ్చాను. 28సీ256 ఈఈప్రామ్ (కరెంటు పోయినా ప్రోగ్రాం నిలిచే మెమరీ), 62256 ర్యామ్ (పని జరిగేటప్పుడు రాసి చదువుకునే మెమరీ), 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, లాజిక్ ఐసీలు, సాకెట్లు, చుక్కల పీసీబీ, సన్నని తీగ చుట్ట.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కొట్లో 74హెచ్‌సీ373 (అడ్రసుని పట్టి ఉంచే లాచ్ ఐసీ) ఇస్తూ "అన్నీ ఒకటేనండీ" అంటారు. ఒకటి కాదు. మన దగ్గరున్నది ఎన్‌మాస్ అనే పాత తయారీ రకం 8085. అది "ఒకటి" అని చెప్పడానికి కనీసం 2.4 వోల్టులే ఇస్తానని డేటాషీటులో హామీ ఇస్తుంది. హెచ్‌సీ రకం ఐసీకి 5 వోల్టుల సప్లై మీద సుమారు 3.5 వోల్టులు కనిపిస్తేనే అది "ఒకటి". మధ్యలో వోల్టు పైగా తేడా ఉంది. బల్ల మీద పనిచేసినా వేసవి మధ్యాహ్నం మొరాయించొచ్చు. హెచ్‌సీటీ రకానికి 2 వోల్టులు చాలు. పాత ఎల్ఎస్ రకమైనా పరవాలేదు. నేను అన్నీ హెచ్‌సీటీ తీసుకున్నాను.

క్రిస్టల్‌ని 6.144 అని ఎంచుకోవడం వెనక లెక్క ఉంది. 8085 దాన్ని లోపల సగం చేసుకుంటుంది, అంటే 3.072 మెగాహెర్ట్జ్. దాన్ని 9600తో (అక్షరాలు బయటికి పంపే వేగం, సెకనుకి ఇన్ని బిట్లు) భాగిస్తే సరిగ్గా 320 వస్తుంది, శేషం లేదు. ఈ 320 ముందుముందు చాలా పనికొస్తుంది.

మెమరీ పంపకం తేలికే. రీసెట్ అవగానే 8085 సున్నా అడ్రసు నుంచి మొదలెడుతుంది కాబట్టి ఈఈప్రామ్ కింది అడ్రసుల్లో, ర్యామ్ పైవాటిలో ఉండాలి. (అడ్రసులూ, మెమరీలో రాసే విలువలూ హెక్స్‌లో, అంటే 0 నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెల లెక్కలో రాస్తున్నాను.) ఏ15 తీగ సున్నా అయితే ఈఈప్రామ్, ఒకటి అయితే ర్యామ్. చెరి 32 కిలోబైట్లు. ఈఈప్రామ్ ఏ14 కాలుని ప్రాసెసర్‌కి కలపకుండా చిన్న స్విచ్చుకి ఇచ్చాను. ఒక పక్కకి నొక్కితే మొదటి సగం, రెండో పక్కకి నొక్కితే రెండో సగం. ఒక సగంలో నా మానిటర్ ప్రోగ్రాం (మెమరీని చూసే, మార్చే చిన్న ప్రోగ్రాం) ఉంటుంది, రెండో సగం తర్వాత పనికొస్తుంది.

8085లో కొత్తవాళ్లు తికమకపడేది ఏడీ0 నుంచి ఏడీ7 వరకు ఉన్న ఎనిమిది కాళ్ల దగ్గర. అవే తీగల మీద ముందు అడ్రసులో కింది సగం వస్తుంది, తర్వాత డేటా వస్తుంది. సింగిల్ లైను మీద ముందు పాసింజరుని వదిలి వెనకాల గూడ్సుని వదిలినట్టు. అడ్రసు వచ్చిన క్షణంలో ఏఎల్ఈ అనే పిన్ను పైకి లేస్తుంది. అది కిందికి దిగేలోపు 373 ఆ అడ్రసుని పట్టేసి ఉంచాలి. ఈ ఒక్క ఐసీ సంగతి అర్థమైతే మిగతా బోర్డంతా సాఫీగా అర్థమవుతుంది.

వాడని ఇన్‌పుట్ కాళ్లని గాల్లో వదలకూడదు. ఐఎన్‌టీఆర్, హోల్డ్, మూడు ఆర్ఎస్‌టీ కాళ్లు గ్రౌండుకి, రెడీ 5 వోల్టులకి. అన్నిటికన్నా ముఖ్యం ట్రాప్. మిగతా ఇంటరప్టులని (నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే సిగ్నళ్లని) ప్రోగ్రాంలో ఆపుకోవచ్చు, ట్రాప్‌ని ఆపడం కుదరదు. దాన్ని తప్పకుండా గ్రౌండు చేయాలి.

కరెంటు సంగతి. మా వీధిలో వర్షం మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ, దానికి 7805 రెగ్యులేటర్ పెట్టాను. 8085ఏహెచ్ ఒక్కటే 135 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. మిగతావన్నీ కలిపి పావు ఆంపియరు అనుకుంటే, 7 వోల్టుల తేడా మీద రెగ్యులేటర్‌లో ఒకటిన్నర వాట్ల పైనే వేడి పుడుతుంది. అల్యూమినియం రెక్క బిగించాను.

జులై మొదట్లో

తీగలు వేయడం అయింది. ఒక్కో తీగ వేయగానే మీటరుతో బీప్ చూసుకుని, కాగితం మీద గీసిన బొమ్మలో ఆ గీత మీద ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ వెళ్లాం. నిదానంగా సాగే పనే గానీ దీన్ని తొందరపెట్టకూడదు.

మొదటి పరీక్షకి ప్రోగ్రాం అక్కర్లేదు. ఈఈప్రామ్ నిండా సున్నాలు నింపాలి. 8085 భాషలో 00 అంటే నోప్, "ఏమీ చేయకు, తర్వాతదానికి వెళ్లు" అని. ర్యామ్ పెట్టకుండా, ఈఈప్రామ్ అన్ని అడ్రసులకీ పలికేలా తాత్కాలికంగా ఒక తీగ మార్చి ఆన్ చేస్తే ప్రాసెసర్ 0000 నుంచి చివరిదాకా నడిచి, మళ్లీ మొదటికొచ్చి తిరుగుతూనే ఉంటుంది.

ఆ సున్నాలు నింపే దగ్గరే ఒక ఆటంకం వచ్చింది. నాకు దొరికిన 28సీ256 ఎక్కడో వాడి తీసింది. ప్రోగ్రామర్‌లో పెడితే రాసినట్టే రాసి, తిరిగి చదివితే పాత డేటానే చూపించింది. ఈ రకం చిప్పులకి రాత తాళం ఒకటి ఉంటుంది. 5555కి ఏఏ, 2ఏఏఏకి 55, 5555కి 80, మళ్లీ 5555కి ఏఏ, 2ఏఏఏకి 55, చివరికి 5555కి 20. ఈ వరసలో రాస్తే తాళం తెరుచుకుంటుంది. చిప్పు పాడైందని పారేసే ముందు ఇది చేసి చూడండి.

నోప్ ఒక్కోటి నాలుగు క్లాకులు తీసుకుంటుంది. 3.072 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి 7,68,000 నోప్‌లు. మొత్తం అడ్రసులు 65,536. భాగిస్తే సెకనుకి సుమారు 11.7 చుట్లు. అంటే ఏ15 మీద ట్రాన్సిస్టర్ ద్వారా పెట్టిన ఎల్ఈడీ సెకనుకి పదకొండు పన్నెండు సార్లు మినుకుమనాలి. ఆన్ చేశాం. మినుకుమంది. ఏఎల్ఈ మీద మీటరుని ఫ్రీక్వెన్సీలో పెడితే 768 కిలోహెర్ట్జ్ చూపించింది. కాగితం మీద వేసిన లెక్క మీటరు మీద అంకెకి అంకె కనిపించడం నాకు గొప్ప సంతోషం. మేనల్లుడు ఆ అంకెని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

జులై చివర

అక్షరం బయటికి పంపాలి. ఇందుకు 8085లోనే రెండు కాళ్లున్నాయి: బయటికి పంపే ఎస్‌ఓడీ, లోపలికి తీసుకునే ఎస్‌ఐడీ. వీటికి యూఎస్‌బీ సీరియల్ ముక్క తగిలిస్తే ల్యాప్‌టాప్ స్క్రీనే మన టెర్మినల్. వేరే చిప్పు అక్కర్లేదు. కానీ ఒక్కో బిట్టునీ సరైన సమయానికి పైకీ కిందికీ లాగే బాధ్యత ప్రోగ్రాందే. 9600 వేగంలో ఒక్కో బిట్టుకి 320 క్లాకులు. పైన చెప్పిన లెక్క ఇదే.

ఇంటెల్ వాళ్ల పాత పద్ధతిలో ఒక అందమైన కిటుకుంది. పంపాల్సిన బిట్టు ప్రాసెసర్‌లో క్యారీ అనే ఒక్క బిట్టు చోటులో ఉంటుంది. అక్యుములేటర్‌లో (ప్రాసెసర్ లెక్కలు చేసే చోటు) 80 వేసి ఒక్కసారి కుడికి తిప్పితే, క్యారీ వచ్చి ఏడో బిట్టులో కూర్చుంటుంది, ముందున్న ఒకటి ఆరో బిట్టులోకి జరుగుతుంది. ఎస్‌ఓడీని మార్చే సిమ్ సూచనకి కావాల్సింది సరిగ్గా అదే: ఏడో బిట్టు పంపాల్సిన విలువ, ఆరో బిట్టు "పంపు" అనే అనుమతి. రెండు సూచనలతో రెండూ అమరిపోయాయి. తర్వాత క్యారీని ఒకటి చేసి, అక్షరాన్ని తిప్పితే కింది బిట్టు క్యారీలోకి వస్తుంది, పైనుంచి ఒకటి చేరుతుంది. ఎనిమిది బిట్లూ అయిపోయాక ఆ చేరిన ఒకటే అక్షరం ముగిసిందని చెప్పే స్టాప్ బిట్‌గా బయటికి పోతుంది.

ఒక బిట్టు పంపేటప్పుడు ఒక్కో సూచనకి పట్టే క్లాకులు లెక్కపెడదాం. ఎంవీఐ 7, ఆర్ఏఆర్ 4, సిమ్ 4, ఎస్‌టీసీ 4, మూవ్ 4, ఆర్ఏఆర్ 4, మూవ్ 4, డీసీఆర్ 4, జేఎన్‌జడ్ 10. మొత్తం 45. ఇంకా 275 కావాలి. మధ్యలో ఆలస్యం చేసే చిన్న చక్రం ఒక్కో తిరుగుడుకి 14 తీసుకుంటుంది. పంతొమ్మిది తిప్పితే, మొదటా చివరా కలుపుకుని 270. ఒక నోప్ చేరిస్తే మొత్తం 319. బిట్టుకి ఒక్క క్లాకు తక్కువ. పది బిట్ల అక్షరం చివరికి పది క్లాకులు, అంటే ఒక బిట్టులో మూడు శాతం. అవతల చదివే చిప్పు బిట్టు మధ్యలో చూస్తుంది కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

రీసెట్ అవగానే ఎస్‌ఓడీ సున్నాలో ఉంటుంది. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒకటిలో ఉండాలి. అందుకని ప్రోగ్రాం మొదట్లోనే దాన్ని పైకి లేపి కొంచెం సేపు ఆగి, అప్పుడు మొదటి అక్షరం పంపాలి. లేకపోతే మొదటి అక్షరం చెత్తగా కనిపిస్తుంది.

స్క్రీను మీద "శ్రీకాకుళం" అని ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. నేనూ మేనల్లుడూ రీసెట్ నొక్కుతూ మళ్లీ మళ్లీ చూసుకున్నాం.

ఆగస్టు

మానిటర్ ప్రోగ్రాం రాశాను. మెమరీ చూపించు, మెమరీలో రాయి, ఈ అడ్రసు నుంచి పరిగెత్తు. మూడే కమాండ్లు, రెండు కిలోబైట్ల లోపే. వినియోగదారుడికి 8000 నుంచి వదిలేసి, టైపు చేసిన లైనుకి 9050 దగ్గర చోటు, స్టాక్‌కి (వెనక్కి తిరిగి వెళ్లాల్సిన అడ్రసులు దాచుకునే చోటు) 9880 నుంచి కిందికి.

అన్నీ పనిచేస్తున్నాయి, ఒక్కటి తప్ప. మెమరీలో రాసే కమాండుకి ఒక లైనులో ఎనిమిది బైట్లు ఇస్తే తీసుకుంటుంది. పదహారు ఇస్తే అటకాయించి కూర్చుంటుంది.

"ఏటి మావయ్యా, చిన్న లైను తింటంది, పెద్ద లైను మింగలేకపోతంది?" అన్నాడు మేనల్లుడు. అసలు సూత్రం అందులోనే ఉంది.

మానిటర్‌లో 0038 దగ్గర ఒక కాపలా రూటీను ముందే పెట్టాను. ఈఈప్రామ్‌లో ఖాళీ చోట్లన్నీ ఎఫ్‌ఎఫ్‌తో నిండి ఉంటాయి. ఎఫ్‌ఎఫ్ అంటే 8085కి ఆర్ఎస్‌టీ 7, అంటే "ఇక్కడి అడ్రసు స్టాక్‌లో దాచి 0038కి వెళ్లు". దారి తప్పిన ప్రోగ్రాం ఖాళీ చోట పడితే నేరుగా కాపలా దగ్గరికే వస్తుంది. కాపలా ఆ దాచిన అడ్రసుని స్క్రీను మీద చూపిస్తుంది. పదహారు బైట్ల లైను ఇవ్వగానే 3133 అని చూపించింది.

దాచేది తర్వాతి అడ్రసు కాబట్టి ప్రోగ్రాం వచ్చి పడింది 3132 దగ్గర. అలాంటి చోటికి నా ప్రోగ్రాంలో ఎక్కడా దారి లేదు. కానీ 31, 32 అంకెల్ని చూడండి. ఆస్కీలో (అక్షరాలకి అంకెలు కేటాయించిన పట్టికలో) 31 అంటే "1" అనే అక్షరం, 32 అంటే "2". టైపు చేసిన లైనులో పద్నాలుగో బైటు 21. అంటే వెనక్కి తిరిగి వెళ్లాల్సిన అడ్రసు ఉండాల్సిన చోట, కీబోర్డు మీద కొట్టిన "2", "1" కూర్చున్నాయి. స్టాక్ మీద ఎవరో టైపు చేశారు.

లైను చోటుకీ స్టాక్‌కీ మధ్య రెండు కిలోబైట్ల దూరం ఉంది. పదహారు బైట్ల లైను అంత దూరం వెళ్లదు. పద్నాలుగో బైటు పడిన చోటు 907ఈ. స్టాక్‌లో వెనక్కి వెళ్లే అడ్రసు ఉన్న చోటు 987ఈ. తేడా సరిగ్గా 0800. బైనరీలో 0800 అంటే ఒకే ఒక్క తీగ: ఏ11.

పరీక్ష సులువు. 9000లో 11 రాసి 9800ని చదివాం. 11 వచ్చింది. 9800లో 22 రాసి 9000ని చదివాం. 22 వచ్చింది. ర్యామ్‌కి ఏ11 కనిపించడం లేదు, రెండు అడ్రసులూ దానికి ఒకటే. మరి ఈఈప్రామ్‌కి తేడా ఎందుకు రాలేదు? మానిటర్ మొత్తం రెండు కిలోబైట్ల లోపే ఉంది కాబట్టి అక్కడ ఏ11 ఎప్పుడూ సున్నానే. ఇంకో మాట. ఒక్కో చోట రాసి వెంటనే చదివే మెమరీ పరీక్షలో ఈ జబ్బు దొరకదు. మొత్తం ర్యామ్‌లో ఒక్కో చోటా ఆ అడ్రసుకి తగ్గ విలువ ముందు రాసేసి, అంతా అయ్యాక మొదటి నుంచి చదువుకుంటూ వస్తేనే బయటపడుతుంది.

ర్యామ్‌కి ఏ11 అంటే 23వ కాలు. బోర్డు అడుగున సాకెట్ టంకం దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. పైన చిప్పు కాలి మీద ప్రోబ్ పెడితే ఏమీ లేదు. కొత్త సాకెట్టే, కానీ లోపల ఆ ఒక్క రేకు వెనక్కి వంగిపోయి కాలుని తాకడం లేదు. భూతద్దంలో చూస్తే స్పష్టంగా కనిపించింది. దాన్ని ఊడదీసి గుండ్రటి రంధ్రాలుండే మంచి రకం సాకెట్ వేశాం. పదహారు బైట్ల లైను తీసుకుంది. 

మేనల్లుడు ఈ మొత్తం వెతుకులాటని తన నోటుబుక్కులో వరసగా రాసుకున్నాడు. ట్రైనర్ కిట్ మీద ఏడాది చేసినా ఏ11 తీగ అంటే ఏమిటో ఇంత బాగా తెలిసేది కాదని నా నమ్మకం.

సెప్టెంబరు

సీరియల్‌కి సొంత చిప్పులు పెట్టాం: క్లాకుని భాగించే టైమరు 82సీ54, అక్షరాన్ని బిట్లుగా పంపే, తీసుకునే 8251. పాత 8253 అయితే 2.6 మెగాహెర్ట్జ్ దాటితే ఒప్పుకోదు, అందుకని 54. మన 3.072ని ఇరవైతో భాగిస్తే 153.6 కిలోహెర్ట్జ్, అది 9600కి పదహారింతలు. 8251కి కావాల్సింది అదే. 8251ని మొదలెట్టేముందు మూడు సున్నాలు, ఆ వెంట 40 పంపితే ఏ స్థితిలో ఉన్నా దారికొస్తుంది. 17వ కాలు సీటీఎస్‌ని గ్రౌండు చేయకపోతే ఒక్క అక్షరం కూడా బయటికి పంపదు.

అక్టోబరు

ఈఈప్రామ్ రెండో సగంలో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్కించాను. పాలో ఆల్టో టైనీ బేసిక్, 1976లో లీ చెన్ వాంగ్ 8080 కోసం రాసింది. రెండు కిలోబైట్లలో మొత్తం భాష ఇమిడింది. చోటు పొదుపు చేయడానికి ఆయన ఆర్ఎస్‌టీ సూచనల్ని తన ముఖ్యమైన సబ్‌రూటీన్లకి వాడుకున్నారు, వాటి మధ్య ఖాళీల్లో కూడా కోడు నింపారు. 8085లో కొత్తగా వచ్చిన ట్రాప్, ఆర్ఎస్‌టీ 5.5, 6.5, 7.5 అన్నీ ఆ ఖాళీల్లోకే దూకుతాయి: 24, 2సీ, 34, 3సీ. కాబట్టి ఈ బేసిక్ నడిచేటప్పుడు ఇంటరప్టులు పూర్తిగా ఆపేయాలి, 8251ని పదే పదే అడిగి చూసుకోవాలి. ట్రాప్ ముందే గ్రౌండులో ఉంది. కీబోర్డు చదివే చోటా, అక్షరం పంపే చోటా పోర్టు నంబర్లు మార్చి, అసెంబుల్ చేసి ఎక్కించాను.

స్విచ్చు రెండో పక్కకి నొక్కి రీసెట్ వదిలితే, ఓకే అని వచ్చి బాణం గుర్తు నిలబడింది.

మేనల్లుడు కొట్టిన మొదటి ప్రోగ్రాం: ఐ ఒకటి నుంచి రెండు వందల వరకు, ఐ ఇంటూ ఐ ప్రింట్ చేయి. గబగబా దిగుతూ 32761 దగ్గర ఆగిపోయి "హౌ?" అంది. ఈ బేసిక్‌కి మూడే తప్పులు తెలుసు: వాట్, హౌ, సారీ. పదహారు బిట్ల అంకెలో 32767 కన్నా పెద్దది పట్టదు. 181 వర్గం 32761, 182 వర్గం 33124. అందుకే 182 దగ్గర ఆగింది. వాడే లెక్క వేసి చెప్పాడు.

తర్వాత పని సీపీఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టం. 8080 కోసం పుట్టింది కాబట్టి 8085 మీద నడుస్తుంది, కానీ దానికి సున్నా అడ్రసు నుంచే ర్యామ్ కావాలి. ప్రోగ్రాంలన్నీ 0100 నుంచి మొదలవుతాయి, సిస్టంని పిలిచే ద్వారం 0005 దగ్గర ఉంటుంది. రీసెట్ అవగానే ఈఈప్రామ్ కనిపించాలి, తనని తాను పైనున్న ర్యామ్‌లోకి కాపీ చేసుకున్నాక మాయమైపోవాలి. దానికి 74హెచ్‌సీటీ74 ఫ్లిప్‌ఫ్లాప్ ఒకటి, ఇంకో 62256 తెప్పించాను. డిస్కు బదులు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. అది ఎనిమిది బిట్ల పద్ధతిలో కూడా మాట్లాడుతుంది కాబట్టి తీగలు తక్కువ. సీపీఎంని ఈ బోర్డుకి కలిపే బయాస్ రాయడం మొదలుపెట్టాను. అక్షరం పంపే రూటీను, తీసుకునే రూటీను మానిటర్‌లో ఉన్నవే సరిపోయాయి. కార్డు ఒకేసారి 512 బైట్లు ఇస్తుంది, సీపీఎం 128 చొప్పునే అడుగుతుంది. ఒక సెక్టారుని నాలుగు ముక్కలుగా పంచే రూటీను ఇప్పుడు కాగితం మీద ఉంది.